ఇరవై నాలుగు ఆకుల మాస్టారు

బందరులో రిటైరైన డ్రాయింగు మాస్టారు దక్షిణామూర్తి గారికి ఒకటే జబ్బు. జెండా కనబడితే చాలు, చక్రంలో ఆకులు లెక్కపెట్టాలి. ఇరవై నాలుగూ ఉన్నాయని తేలేదాకా ఆయనకు అన్నం సయించదు.

ఒకసారి పామర్రు సెంటర్లో కదులుతున్న బస్సు దిగి, లారీకి అడ్డం నిలబడ్డారు. లారీ అద్దం వెనక చిన్న జెండా తలకిందులుగా ఉంది.

"పక్కకి జరగండి మాస్టారూ, గుడివాడ వెళ్లాలి."

"ముందు కాషాయం పైకి జరుపు. తర్వాత గుడివాడేం ఖర్మ, కాశీకెళ్లు."

డ్రైవరు తిప్పి పెట్టాడు. "అయిందా?"

"ఆగవయ్యా, ఆకులు చూడొద్దూ!"

ఈలోగా ఆయన దిగిన బస్సు వెళ్లిపోయింది.

"పెళ్లిచూపుల్లో నా మొహమే చూళ్లేదు బాబూ, మా గోడ మీద క్యాలెండర్లో జెండా చూశారు" అనేవారు ఆయన భార్య సీతారత్నం గారు.

"ఇరవై నాలుగూ ఉన్నాయి. అందుకే సంబంధం ఖాయమైంది" అనేవారాయన.

2002లో ఎవరింటి మీదైనా, ఏ రోజైనా జెండా ఎగరేసుకోవచ్చని రూలు వచ్చింది. ఊరంతా సంబరపడితే ఆయన మంచమెక్కారు. "ఇక రోజూ లెక్కెట్టాలిరా వెంకటాద్రీ! జెండాకి రూపమిచ్చినాయన పుట్టిన భట్లపెనుమర్రు మనకి పక్కనే. ఎక్కడ తప్పు జరిగినా చెల్లుతుంది గానీ, ఈ జిల్లాలో చెల్లదు!" అన్నారు నాతో.

జెండా మీద మొదట్లో రాట్నం ఉండేదనీ, వెనకనుంచి అది తిరగబడి కనబడుతుందనీ, చక్రమైతే ఎటు చూసినా ఒకటేననీ చెప్పేవారు.

"జెండా అలా ఉంటే ఏం లాభం మాస్టారూ? మనుషులుండాలి గానీ" అనేవాణ్ణి. నా నోరు అలాంటిది. ఆ నోటివల్లే అప్పటికి మూడు అద్దకం షెడ్లు మారాను.

నాలుగోది మా పెడనలో ధనరాజు షెడ్డు. ఆ ఆగస్టులో స్కూళ్లకి నలభై జెండాలు. చెక్క అచ్చుతో రెండువైపులా చక్రం అద్దింది నేనే. పదమూడో తారీకు మధ్యాహ్నం అచ్చు కడుగుతుంటే కనబడింది. అందులో ఒక ఆకు ముందే విరిగిపోయి ఉంది. నలభై జెండాలూ ఇస్త్రీ అయి మడతల్లో ఉన్నాయి. ఒక్క పీసు పాడుచేసినా ధనరాజు మర్నాడు రానివ్వడు. నన్ను పెట్టుకునే ఐదో షెడ్డు మా ఊళ్లో లేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడు.

"లెక్కెట్టండి మాస్టారూ, మీరు ఊఁ అంటేనే పంపిస్తా" అన్నాడు ధనరాజు.

మాస్టారు ఒక జెండా విప్పారు. "...ఇరవై రెండు, ఇరవై మూడు..." వేలు ఆగింది. మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ ఆగింది. నా చేతిలో అచ్చు కేసి చూశారు. అచ్చు వెనక్కి పెట్టుకున్నాను.

"ఎన్నండీ?"

"చూపు ఆనటం లేదయ్యా ధనరాజూ. ఇక్కడ వెలుతురు చాలదు. ఇంటికి పట్టుకెళ్లి రేపు సాయంత్రానికి తెస్తా."

"నలభయ్యా?"

"నలభయ్యీ."

బయట ఎండ మండిపోతోంది. కదిలే బస్సులోంచి లారీ జెండా చూసిన మనిషికి చూపు ఆనదట! కలెక్టరుకి ఉత్తరం రాయడానికే పట్టుకెళ్లారనుకున్నాను. మర్నాడు కడుపునొప్పని చెప్పి, బందరు దాకా సైకిలు తొక్కాను. కాళ్లు పట్టుకుందామని.

అరుగు మీద జెండాలు పరిచి ఉన్నాయి. మాస్టారు సన్నకుంచెతో నీలం ఆకు గీస్తున్నారు. సీతారత్నం గారు విసనకర్రతో ఆరబెడుతున్నారు.

"ఇది డెబ్భై ఆరోది బాబూ. రెండువైపులా కదా" అన్నారావిడ.

మాస్టారు తలెత్తలేదు. "బుర్ర ఎక్కడ పెట్టి అద్దావురా?"

"ధనరాజుకి చెప్పరా?"

"పైవాళ్లు లెక్కెట్టకముందే మనం లెక్కెట్టుకుంటే ఎవడి కూడూ పోదు. ఇన్నేళ్లుగా నేను తిరుగుతున్నది ఎందుకనుకున్నావు, పనిలేకా? కదలకు, నీడ పడుతోంది."

పదిహేనో తారీకు పొద్దున స్కూలు మైదానంలో పూలు రాలి జెండా విచ్చుకుంది. ధనరాజు మెడ చాచాడు. "ఎన్నండీ మాస్టారూ?"

"ఇరవై నాలుగు."

నేనూ లెక్కపెట్టాను. ఉన్నాయి. ఒకటి మాత్రం మిగతావాటికన్నా కాస్త లావు.

ఆ జబ్బు నాకూ అంటుకుంది. మొన్న పామర్రు సెంటర్లో నా బస్సు వెళ్లిపోయింది.