సంతలో అమ్మాయి ముఖం

పోయిన మంగళవారం మా డ్రాయింగ్ ఆంటీ పోయారు. ఆ కబురు నాకు స్వప్న ఫోన్ చేసి చెప్పింది. నాకన్నా ముందు తనకెలా తెలిసిందన్నదే నాకు మొదట తట్టిన ఆలోచన. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటివి చెప్పకూడదేమో. కానీ నా అసూయ దాచిపెట్టి ఆంటీ గురించి రాయలేను.

ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్‌లో ఆవిడ ఇంటి బేస్‌మెంట్ గోడ నిండా ఒక కూరగాయల సంత బొమ్మ ఉంది. ఐదొందల ఏళ్ల కిందట ఇటలీలో చర్చి గోడల మీద ఎలా వేసేవారో అలాగే వెయ్యాలని ఆవిడ పట్టు. ముందు నోటుబుక్‌లో చిన్న బొమ్మ. దాని మీద గళ్లు గీసుకుని, కాగితాలు అతికించి, గోడంత బొమ్మ. గీతల వెంబడి సూదితో బెజ్జాలు. ఆ రోజు పనికి సరిపడా తడి సున్నం పూసి, కాగితం ఆనించి, బొగ్గుపొడి మూటతో తడితే గోడ మీద చుక్కలు దిగుతాయి. సున్నం ఆరేలోపు రంగు పడిపోవాలి. ఏడాదిన్నర కాగితాల మీదే గడిచింది. నేను విసుక్కుంటే, "ఆలోచనంతా కాగితం మీదే అయిపోవాలమ్మా. తడి గోడ ఎవరికోసమూ ఆగదు," అనేవారు, చల్లారిపోయిన కాఫీ తాగుతూ.

శనివారాలు ఆవిడ దగ్గర క్లాసుకి వెళ్లేది నేనూ స్వప్నా, ఇద్దరమే. చిన్నప్పటినుంచి బొమ్మలకి ప్రైజులు కొట్టింది నేను. స్వప్నకి పెన్సిల్ పట్టడం కూడా ఆంటీయే నేర్పారు. అయితే సూది చేతికివ్వగానే, "మా అమ్మ జాకెట్ల మీద మగ్గం డిజైన్ ఇట్లాగే దించుద్ది ఆంటీ," అంటూ టకటకా పొడిచేసింది. ఆంటీ మురిసిపోయారు. సంత మధ్యలో టమాటాలమ్మే అమ్మాయి ముఖం తనకిచ్చారు. నాకు గంప. నా కడుపు మండిపోయింది.

ముఖం వెయ్యాల్సిన శనివారం పొద్దున, ఆంటీకి ఒంట్లో బాలేదు, క్లాస్ లేదని స్వప్నకి మెసేజ్ పెట్టాను. అక్కడికెళ్లి, స్వప్నకి ఆఫీస్ పని తగిలిందన్నాను. ఆంటీ కాసేపు నన్నే చూసి బ్రష్ అందించారు. సాయంత్రానికి ముఖం పూర్తయింది, పన్నునొప్పితో కూర్చున్నట్టు బిగుసుకుపోయి. "దిద్దనా ఆంటీ?" అన్నాను. "ఆరిపోయిందిగా, ఉండనీ," అన్నారు. ఆ మేరకి సున్నం చెక్కేసి స్వప్నతో మళ్లీ వేయించి ఉండొచ్చు. వేయించలేదు.

నిన్న ఆవిడ ఇంట్లో భోజనాలయ్యాక ఇద్దరం బేస్‌మెంట్‌లోకి దిగాం. ఇక మోయలేక జరిగింది చెప్పేశాను.

"నాకు తెలుసక్కా," అంది స్వప్న. "నీ మెసేజ్ చూసి, ఎట్లా ఉందోనని ఆంటీకి కాల్ చేశా. 'నాకేం, బానే ఉన్నా. ఇవాళ నువ్వు రాకులే. దానికి ఈ ముఖం కావాలి, వెయ్యనీ,' అన్నారు. సరేనన్నా."

అంటే నేను గుమ్మంలో అబద్ధమాడేటప్పటికే ఆవిడకి అంతా తెలుసు. తెలిసే బ్రష్ ఇచ్చారు. చేతులెత్తి దణ్ణం పెట్టుకోవాల్సిన మాట అది. పెట్టుకున్నాను కూడా. కానీ నా గురించి ఆ మాట నాతో కాక స్వప్నతో చెప్పుకున్నారే, ఇన్నాళ్లూ అది వాళ్లిద్దరి మధ్యే ఉందే అని లోపల మళ్లీ అదే మంట.

స్వప్న అదేమీ ఎరగదు. గోడ దగ్గరికి వెళ్లి, నేను వేసిన ఆ బిగుసుకున్న చెంప మీది దుమ్మును చున్నీ అంచుతో మెల్లగా తుడుస్తోంది.