నాలుగు గంటల పుస్తకం

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది అది. కువైట్ సిటీలో ఒక ఆసుపత్రి, రెండో అంతస్తులో డయాలసిస్ వార్డు. పన్నెండు కుర్చీలు, పన్నెండు మిషన్లు. నాది పొద్దుటి డ్యూటీ. అప్పటికి ఆ వార్డులో తొమ్మిదేళ్ళ సర్వీసు నాకు. మాది రాయచోటి. నూర్జహాన్ సిస్టర్ అంటే పని గట్టిది, నోరు అంతకంటే గట్టిది అని పేరు.

డయాలసిస్ అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. కిడ్నీలు పని మానేస్తే ఒంట్లోని చెడూ నీరూ బయటికి పోవు. అందుకని చేతిలో ఒక రక్తనాళాన్ని ఆపరేషన్ చేసి లావెక్కిస్తారు, దాన్ని ఫిస్టులా అంటాం. దానికి రెండు సూదులు గుచ్చి, రక్తాన్ని మిషన్‌లోకి తీసి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి పంపుతాం. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ చెయ్యి కదపకుండా కూర్చోవాలి. మధ్యలో లేచిపోతే నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. అది మెల్లగా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

సూర్యనారాయణ గారు లేచిపోయే రకం.

ఆయనది కోనసీమ. యాభై ఎనిమిదేళ్ళు. వయసులో ఉన్నప్పుడు రాజమండ్రిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేశాడు. అంటే సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరుసగా పేర్చి పేజీ కట్టేవాడు. కంప్యూటర్లు వచ్చి ప్రెస్సు మూతపడ్డాక కువైట్ వచ్చి, ముబారక్ అల్ కబీర్‌లో ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళు డ్రైవర్‌గా చేశాడు. షుగరు ముందు కిడ్నీలను తినింది, తరవాత కళ్ళను. నా దగ్గరికి వచ్చేనాటికి వెలుతురు ఉందో లేదో తప్ప ఆయనకు ఇంకేమీ తెలిసేది కాదు.

ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మంచివాడు. పని చేయలేకపోయినా గది ఖాళీ చేయమనలేదు. ఊరికి పోవడానికి కాగితాలన్నీ సిద్ధం చేసిపెట్టాడు. కాకినాడలో డయాలసిస్‌కు కుర్చీ కూడా దొరికింది. ఇక కావాల్సింది ఒకటే, విమానం ఎక్కవచ్చని మా ఈజిప్టు డాక్టరు రాసిచ్చే చీటీ. ఆయన రాయడు. ఎందుకంటే సూర్యనారాయణ గారు డ్రై వెయిట్‌కు రావడం లేదు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటాం. ఆయన ఎప్పుడూ దానికి నాలుగు కిలోలు పైనే ఉండేవాడు. రెండు గంటలు కాగానే, "ఆయ్ సిస్టరమ్మా, చాలు, తీసేయండి," అనేవాడు.

"రెండు గంటలకు తీసేదానికి ఇదేమన్నా టిఫిన్ సెంటరా చిన్నాయనా? నాలుగు గంటలు రూలు."

"రూలంటే రూలేనమ్మా. నా చెయ్యి నాది కదా."

"అట్లయితే సంతకం పెట్టు."

వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్ళిపోతున్నాను, ఏమైనా అయితే బాధ్యత నాదే అని ఒక కాగితం ఉంటుంది మా దగ్గర. నేను ఆయన వేలు పట్టుకుని గీత మీద పెట్టేదాన్ని. ఆయన చూపు లేకపోయినా గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు రాసేవాడు. ఆ కాగితాలు ఫైల్లో దొంతరగా పేరుకున్నాయి. కాగితం ఉంటే నా మీదికి ఏమీ రాదు. నిజం చెప్పాలంటే అప్పుడు నేను చూసుకున్నది అంతే.

ఒకరోజు సూదులు తీస్తూ అడిగాను, "ఇంటికి పోవాలని లేదా నీకు?"

"పోయి ఏం చెయ్యనమ్మాయ్? మంగ ముందు ఈ మొహం పెట్టుకుని ఎలా నిలబడను? ఇక్కడ కూర్చుంటే నాలుగు గంటలూ అదే ఆలోచన. ఇదివరకు ఎంత కష్టమొచ్చినా ఓ పుస్తకం తీసుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు అదీ లేదు కదా." మంగ అంటే ఆయన భార్య.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మధ్యాహ్నం ప్యాంట్రీలో చాయ్ తాగుతూ ఫోన్‌లో తెలుగు పుస్తకాలు వినడానికి దొరుకుతాయేమోనని వెతికాను. అప్పటిదాకా ఈ సంగతులేవీ నాకు తెలియవు. రచయిత పోయి చాలా ఏళ్ళయితే ఆయన పుస్తకం మీద ఎవరి హక్కూ ఉండదట, అందరిదీ అయిపోతుందట. దాన్ని పబ్లిక్ డొమైన్ అంటారట. అలాంటి పాత పుస్తకాలను పేజీ పేజీ ఫొటో తీసి ఎవరో ఎక్కించారు. ఇంకెవరో ఇళ్ళల్లో కూర్చుని గట్టిగా చదివి, రికార్డు చేసి పెట్టారు. అంతా ఉచితం. ఇంగ్లీషులో కుప్పలుగా ఉన్నాయి. తెలుగులో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో ఒక పాత నవల దొరికింది. ముప్పై ప్రకరణాలు. ఊరు విడిచి పారిపోయినవాడు చాలా ఏళ్ళకు మారుపేరుతో పడవలో తిరిగి వస్తాడు. పెళ్ళాం గుర్తుపడుతుందా లేదా, అదీ కథ. చదివినామె ఎవరో పెద్దావిడ, మధ్యలో దగ్గుతుంది కూడా.

మరుసటి సారి రెండు గంటలు కాగానే ఆయన "తీసేయండి" అనబోతుంటే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాను. ఆయన నోరు సగం తెరిచి అట్లాగే ఉండిపోయాడు. ఇరవై నిమిషాలు కదల్లేదు. అయిపోగానే, "తర్వాతది?" అన్నాడు.

"తర్వాతది నాలుగో గంటలో."

"ఆఁ! ఎంత గడుసుదానివమ్మా," అని నవ్వాడు. నేను ఆయన్ను నవ్వగా చూడటం అదే మొదలు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. వారం తిరక్కుండానే ఆయన అడిగాడు, "ఇది నా ఫోన్లో పెట్టిద్దూ. గదిలో ఒక్కణ్ణే ఉంటాను కదా, వింటాను."

నేను తడుముకోకుండా అనేశాను, "అది కుదరదు చిన్నాయనా. ఇది హాస్పిటల్ పుస్తకం. బయటికి ఇయ్యరు."

ఎందుకన్నానంటే, పుస్తకం చేతికొస్తే మళ్ళీ రెండు గంటలకే లేచిపోతాడని. మందు నా దగ్గరుంటేనే రోగి నా మాట వింటాడనే నర్సు బుద్ధి. ఎవరిదీ కాని, అందరిదీ అయిన పుస్తకానికి నేను తాళం వేసుకు కూర్చున్నాను. పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను. బరువు నాలుగు కిలోల నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దిగింది మరి. "ఇంకో రెండు వారాలు ఇట్లాగే వస్తే చీటీ రాసిస్తాను," అన్నాడు డాక్టరు.

ఇరవై ఒకటో ప్రకరణం దగ్గర ఆ పెద్దావిడ గొంతు ఆగిపోయింది. తరవాతివి ఎవరూ చదవలేదు. ఆమెకు ఏమైందో తెలియదు. పాత పుస్తకం ఫొటోలు దించుకుని, ఇరవై రెండు నుంచి నేనే చదవడం మొదలుపెట్టాను, మిషన్ల అలారాలు మోగినప్పుడు లేచి వెళుతూ, మళ్ళీ వచ్చి కూర్చుంటూ.

"అదేం చదవడమమ్మా, రాయచోటి సంతలో బేరమాడినట్టు," అనేవాడు.

"మీ కోనసీమలో మాదిరి సాగదీస్తే అలారం మోగేలోపల ఒక వాక్యం కూడా కాదు."

ఫొటోలో పేజీ ఎలా ఉందో చెప్పించుకునేవాడు. అంచులు చిరిగాయా, పురుగు తిన్నదా, సిరా ఎక్కడైనా అలికిందా. "చివరి వరుసలో అక్షరం వాలిపోయి ఉందా? బిగించడం చేతకాలేదు వాడికి," అని ఎప్పుడో పోయిన కంపోజిటర్‌ను తిట్టేవాడు. చెయ్యి మిషన్‌కు కట్టేసి ఉన్నా రెండో చేతి వేళ్ళు ఒళ్ళో అక్షరాలు పేరుస్తున్నట్టు కదిలేవి. ఇరవై ఐదో ప్రకరణం దాకా వచ్చాం.

ఆ గురువారం ఆయన రాలేదు.

పదకొండింటికి ఫోన్ చేశాను. ఖాదర్ ఎత్తాడు. అదే ఇంట్లో రెండో డ్రైవరు, మా కడప పిల్లోడే, ముప్పై ఏళ్ళుంటాయి. "రానంటాండాడక్కా. అది హాస్పిటల్ పుస్తకం, బయట దొరకదు అని బాధపడతాంటే, చూద్దాంలే అని ఫోన్లో వెతికినా. రెండు నిమిషాల్లో వచ్చేసె. అంతా ఫ్రీ అంట గదా. అప్పట్నుంచి ఎవరితోనూ మాట్లాడల్యా."

మంగళవారం చేయించుకున్న మనిషి గురువారం మానేస్తే మళ్ళీ శనివారమే. నాలుగు రోజులు. అంతసేపు ఆ ఒళ్ళు ఆగదు.

శుక్రవారం నాకు సెలవు. పొద్దున్నే నేనుండే రిగ్గై నుంచి టాక్సీ ఎక్కి ముబారక్ అల్ కబీర్ వెళ్ళాను. గరాజు పక్కన గది. ఆయన పడుకుని లేడు, రెండు దిండ్లు వీపుకు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్ళు వెల్లకిలా పడుకోలేరు. కాళ్ళు ఉబ్బి మెరుస్తున్నాయి.

"ఎవరది?"

"నేను చిన్నాయనా. నూర్జహాన్ని."

"హాస్పిటల్ పుస్తకం తెచ్చావా?"

నేను గడపలోనే నిలబడిపోయాను. "అబద్ధం చెప్పినా. తప్పే. నువ్వు రావాలనే చెప్పినా," అన్నాను.

ఆయన మాట మాటకూ ఆయాసపడుతున్నాడు. "ఈ దేశంలో... బయట గడియ పెట్టి పనిమనుషుల్ని లోపల ఉంచే ఇళ్ళు చూశాను. నువ్వూ అదే చేశావమ్మా. రెండు నెలలు... నీ దగ్గరికి వచ్చాను. రూలన్నావు. కాగితమన్నావు. సంతకమన్నావు. చివరికి పిల్లాడికి మిఠాయి చూపించినట్టు పుస్తకం చూపించావు. ఉండు చిన్నాయనా, నీకేమన్నా అయితే నాకు బాధ అని... ఒక్కసారన్నావా? అనుంటే ఉండేవాణ్ణి కాదేంటి?"

ఏడుపొచ్చింది. దగ్గరికి వెళ్ళి ఫిస్టులా ఉన్న చెయ్యి పట్టుకున్నాను. చర్మం కింద రక్తం గిరగిరా కొట్టుకుంటోంది, నా బొటనవేలికి తెలుస్తోంది.

"రా చిన్నాయనా. నాతో రా. నీకేమన్నా అయితే నాకు బాధ. నిజంగా బాధ."

ఆయన గోడ వైపు తిరిగి, "ఖాదరూ, నా చెప్పులెక్కడున్నాయో చూడరా," అన్నాడు.

ఎమర్జెన్సీలో మిషన్ పెట్టించి, సెలవు రోజైనా నేను పక్కనే కూర్చున్నాను. మొదటి గంట బతుకుతాడో లేదో తెలియదు. రెండో గంటకు ఊపిరి సర్దుకుంది. అప్పుడు ఆయన ఫోన్ తీసుకుని, ఆ పెద్దావిడ చదివిన ఇరవై ఒక్క ప్రకరణాలూ, వెతికితే దొరికిన ఇంకో మూడు పుస్తకాలూ అందులోకి దించాను. "అంతా నీ దగ్గరే ఉండాది. ఎప్పుడు పొమ్మన్నా సూదులు తీస్తా," అన్నాను. ఆయన నాలుగు గంటలూ కూర్చున్నాడు. ఆ తరవాత ఏ రోజూ తీసేయమనలేదు.

మూడు వారాలకు చీటీ వచ్చింది. అన్నాళ్ళూ ఆయన పెద్దావిడ చదివినవే మొదటి నుంచి మళ్ళీ విన్నాడు. ఆఖరి రోజు ఇరవై ఆరో ప్రకరణం చదివాను. ఇంకా నాలుగు మిగిలాయి.

"అవీ, ఇప్పటిదాకా నువ్వు చదివినవీ రికార్డు చేసి పంపించమ్మా. నాకొక్కడికే కాదు. ఆ పెద్దావిడవి ఉన్నచోటే పెట్టు. తాళం వేశావు కదా, తాళం నువ్వే తియ్యి," అన్నాడు.

రిగ్గైలో మా ఫ్లాట్లో అలమరా తలుపులు తెరిచి, బట్టల మధ్య తలపెట్టి రికార్డు చేశాను. బయట శబ్దం రాకూడదని. ఏసీ మోత పడుతోందని అది కూడా ఆపేశాను. కువైట్‌లో జూన్ నెలలో ఏసీ ఆపి పది నిమిషాలు చదివితే చెమటకు ఫోన్ చేతిలోంచి జారిపోతుంది. పది నిమిషాలు చదవడం, వచ్చి ఏసీ కింద నిలబడటం, మళ్ళీ వెళ్ళడం. ఇరవై రెండు నుంచి ముప్పై దాకా ఆ తొమ్మిది ప్రకరణాలకు ఐదు శుక్రవారాలు పట్టాయి. ఆ వెబ్‌సైటు వాళ్ళు విని, ఒకచోట మళ్ళీ చదివించి, ఎక్కించారు. చదివినవారి పేరు అడిగితే "ఒక నర్సు" అని రాశాను.

చలికాలం మొదట్లో మంగమ్మ గారు ఫోన్ చేశారు. అప్పటిదాకా ఆమె గొంతు నేను వినలేదు.

"ఆయన పోయారమ్మా. నిద్రలోనే. ముందురోజు కూడా నాలుగు గంటలూ మిషను మీద కూర్చున్నారు."

ఆమె చెప్పుకుంటూ పోయారు. "ఎయిర్‌పోర్టులో ఎలా గుర్తుపడతారో అని భయపడ్డాను. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. నేను మాట్లాడకుండానే 'మంగా' అన్నారు. ఆ పుస్తకం చెవిలో పెట్టుకోలేదమ్మా ఆయన. ఫోను ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పెట్టేవారు. అక్కడున్నవాళ్ళందరికీ వినపడాలని. నీ గొంతు వస్తే, ఇది మా రాయచోటి అమ్మాయి అని చెప్పేవారు. నిన్న నేను ఆసుపత్రికి కాగితాల కోసం వెళితే, ఆ పక్క కుర్చీ ఆయన, అమ్మా, ఇంకో పుస్తకం ఉందా అని అడిగాడు. ఉందా అమ్మా?"

"ఉండాది," అన్నాను.

ఆ సంతకం పెట్టించుకునే కాగితం ఇప్పటికీ మా వార్డులో ఉంది, అవసరమే. కానీ ఎవరైనా రెండు గంటలకే లేస్తానంటే ఇప్పుడు నేను ముందు దాన్ని తీయను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. ఉండమని అడుగుతాను.