సెంటుసీసాలతో లేచిన గోడలు

ఆ రోజుల్లో నా లెక్క తప్పుతుందంటే నమ్మేవాణ్ణి కాను. ఇప్పుడూ నమ్మను గానీ, దేన్ని లెక్కలోకి తీసుకోవాలో మాత్రం రాయికల్‌లో మా అక్క ఇల్లు కట్టినప్పుడే తెలిసింది. బావ దుబాయిలో తాపీమేస్త్రీ. ఆయన పైసలు పంపేవాడు, నేను ఇటుక, సిమెంటు, ఇనుము లెక్కగట్టి తెప్పించేవాణ్ణి. అన్నీ వచ్చాయి, మేస్త్రీ తప్ప. మా వైపు తాపీ పట్టిన వాళ్ళంతా దుబాయిలోనే గోడలు కడుతున్నారు. వాళ్ళు పంపిన పైసలతో ఇక్కడ ప్రతి గల్లీలోనూ పునాదులు లేచి ఆగిపోయాయి. కోరుట్లలో ఒకాయన దొరికాడు గానీ, పాస్‌పోర్టు చూపించి, "ఎల్లుండి ఫ్లైటు తమ్మీ, పైకెల్లి సూస్కుంట పోత నీ ఇల్లు" అన్నాడు.

చివరికి బావే రెండు నెలల సెలవు మీద వచ్చాడు. తిరిగి వెళ్ళేలోగా స్లాబు పడకపోతే అక్కా పిల్లలూ ఇంకో వానాకాలం కారే రేకుల కింద గడపాలి. మర్నాడే లుంగీ ఎగగట్టి తాపీ పట్టాడు. మరి కూలీలు? (వాళ్ళు మస్కట్‌లో ఉన్నారు.)

అంతలో చుట్టాలు రావడం మొదలైంది. దుబాయి నుంచి వచ్చినవాడు చూడవచ్చిన వాళ్ళ చేతిలో సబ్బో సెంటుసీసానో పెట్టడం మా దగ్గర రివాజు. బావ గోడ దిగకుండానే, "సెంటా? ఇస్త. ముందుగాల గా తట్ట అందియ్యి" అన్నాడు. "గిదేం మర్యాదయ్యా, చాయ్ గూడ పొయ్యకుండ!" అని మేనత్త మూతి తిప్పింది. తట్ట మాత్రం ఎత్తింది.

నా బుర్ర వెలిగింది. వెంటనే ధరలు కట్టాను: సబ్బుకు పది తట్టలు, సెంటుకు ఒక పూట, కంబళికి రెండు రోజులు. (తలనొప్పి మందు డబ్బాకు బేరమాడిన వాళ్ళూ ఉన్నారు.) గోడలు చకచకా లేచాయి. "గీ ఉపాయం మా దుబాయి సేటుకు జెప్పకు బామ్మర్దీ, జీతం బంజేసి సెంటిస్తడు" అని బావ నవ్వాడు.

స్లాబుకు ముందురోజు సెంట్రింగ్ చెక్కలవాడు ఇంకెవరో ఎక్కువిస్తామన్నారని, బిగించిన చెక్కలు విప్పుకుపోతానని మొరాయించాడు. బావ పెట్టెలో మిగిలింది ఒక్క గడియారం, నాకోసం తెచ్చింది. అక్క నా వైపు చూసి, "నువ్వే లెక్క జెయ్యి తమ్మీ" అంది. చేశాను: ఒక పక్క నా మణికట్టు, ఇంకో పక్క కారే రేకుల కింద నాలుగు తలలు. గడియారం చెక్కలవాడి చేతికెళ్ళింది, స్లాబు పడింది. బావ ఖాళీ పెట్టెతో విమానమెక్కాడు.

ఇప్పుడు ఇంటి లెక్కకు ఎవరు పిలిచినా, ఇటుకల మాట ఎత్తకముందే, "మేస్త్రీ ఊళ్ళె ఉన్నడా?" అని అడుగుతాను. వానరోజు అక్క ఇంటికి వెళితే, చేతికి గడియారం ఉన్నా సరే, ఆ రోజు ఉత్త మణికట్టు రుద్దుకుంటూ నిలబడ్డ నేనే గుర్తొచ్చి, "టైమెంత అక్కా?" అంటాను. అక్క తలెత్తకుండానే అంటుంది: "నీ గడియారం నెత్తిమీదనే ఉన్నది, సూస్కో."