రాజారావు గారి చొక్కా

మా నాయిన ఓదెలుకు ఈ లోకంలో ఒకే ఒక్క ఏడుపు ఉండేది. అది పక్కింటి రాజారావు గారి తెల్ల చొక్కా.

మచ్చ బొల్లారంలో మా రెండిళ్ళకూ ఒకటే గోడ. ఇద్దరూ రైలు డ్రైవర్లే. నాయిన మేడ్చల్ మీదుగా పోయే ప్యాసింజరుకు డీజిల్ ఇంజన్ నడిపేవాడు. బెజవాడ నుంచి వచ్చిన రాజారావు గారు కాజీపేట వైపు ఎక్స్‌ప్రెస్‌లకు కరెంటు ఇంజన్ నడిపేవారు. నాయిన డ్యూటీ దిగితే గోళ్ళ సందుల్లో కూడా నూనె. ఆయన దిగితే ఇస్త్రీ మడత చెదిరేది కాదు. అందుకే నాయిన చొక్కాలను అమ్మ పెరట్లోనే ఆరేయాలి. వీధివైపు దండెం మీద వేస్తే ఆ పూట ఇంట్లో యుద్ధమే.

"గదేం నడుపుడు? కుర్సీల కూసొని మీట తిప్పుడు," అనేవాడు. అంటూనే కిటికీలోంచి ఆ చొక్కా వంక చూసేవాడు. నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

చివరికి 2003లో, యాభై ఏళ్ళ వయసులో, పంతం పట్టి కరెంటు ఇంజన్ ట్రైనింగుకు పోయి పాసయ్యాడు. ఆ దసరా పొద్దున మొదటిసారి ఇంజన్ చేతికిచ్చారు. అమ్మ చేత తెల్ల చొక్కాకు గంజి పెట్టించుకుని, బంతిపూల దండ పట్టుకుని షెడ్డుకు పోయాడు.

ఇరవై ఏడేళ్ళుగా ప్రతి దసరాకూ డీజిల్ ఇంజన్ నెత్తికెక్కి దండ కట్టిన మనిషి. అలవాటు కొద్దీ దీని మీదికీ ఎక్కబోయాడు. పైన ఇరవై ఐదు వేల వోల్టుల తీగ. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు. పక్క ఇంజన్ దగ్గరున్న రాజారావు గారు పరిగెత్తుకొచ్చి నడుం పట్టి కిందికి లాగేశారు. ఇద్దరూ నూనె ఓడుతున్న కంకర మీద పడ్డారు. సంగతి పైవాళ్ళకు తెలిస్తే నాయిన కొత్త ఉద్యోగానికి అదే ఆఖరి రోజు.

ఆ సాయంత్రం రాజారావు గారి చొక్కా నల్లగా ఇంటికొచ్చింది. "ఇదేంటండీ ఇలా అయింది?" అని ఆయన భార్య పార్వతీదేవి గారు అడగడం గోడ ఇవతలికి వినిపించింది. నాయిన గోడకు చెవి ఆనించాడు.

"నేనే కాలు జారి పడ్డాను. షెడ్డులో అందరూ ఒకటే నవ్వు," అన్నారు రాజారావు గారు.

నాయిన పేరు రాలేదు. ఆ తర్వాతా ఎప్పుడూ రాలేదు. రెండు రోజులు నాయినకు ముద్ద దిగలేదు. మూడో రోజు అమ్మ ఉండబట్టలేక, "పోయి ఒక్క మాట చెప్పి రారాదు," అంది.

"ఏం చెప్పాలె? పానం ఆయ్ననే నిలవెట్టిండు, నౌకరీ ఆయ్ననే నిలవెట్టిండు. చొక్కా అంటే గంజి పెట్టిచ్చుకొని తొడుక్కున్న. గా గుణం యాడికెల్లి తేవాలె?"