వుకోసవా అడగని ప్రశ్న

వుకోసవాను నేను ఈనాటికీ నమ్మను. యంత్రాలను ఎలా వాడాలో కాగితం మీద రాయడం ఆమె పని. కుట్టుమిషన్లకు, పాలు పితికే యంత్రాలకు రాసిందట. చివరకు మా ఊరి మీద పడింది.

మా రాదోయ్కో రాగితో సారా బట్టీలు చేస్తాడు. నేను ఆయన దగ్గర సుత్తి పట్టేవాణ్ణి. ప్లమ్ పండ్ల సారా కాచడం మా వైపు పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ ఏడు బెల్‌గ్రేడ్ వ్యాపారి ఒకడు మా బట్టీలను పట్నం వాళ్లకు అమ్మాలనుకుని, వాటిని వాడే పద్ధతి రాసుకు రమ్మని ఈమెను పంపాడు.

రోజంతా మా వెనకే తిరిగేది. మూత సందుకు పూసే పిండి ఎంత మెత్తగా కలపాలి, ఏం చూసి మంట తగ్గించారు, అన్నీ ఆరాలే.

"మన చేతిలో పని లాక్కుపోవడానికే వచ్చిందన్నా," అన్నాను.

"తెలుసులేరా. కాగితం చదివి సారా కాచినవాణ్ణి ముందు చూపించమను," అన్నాడు రాదోయ్కో.

రాత పూర్తయ్యాక ఆమెకో పద్ధతి ఉంది. ఆ పని ఎన్నడూ చేయని మనిషికి కాగితం ఇచ్చి చేయమంటుంది. తెలిసినవాళ్లు పక్కనే ఉన్నా నోరు మెదపకూడదు. అందుకు రాదోయ్కో కోడలు తియానాను అడిగింది. నోవీ సాద్ పట్నం పిల్ల, బట్టీ మొహం ఎరగదు. ఆడపిల్లలు లేని రాదోయ్కోకు ఆ కోడలంటే ప్రాణం. ఊరంతా వదిలేసి ఆ పిల్లే ఎందుకు? నా మనసు కీడు శంకించింది.

మేం వచ్చేసరికే వుకోసవా బట్టీ నింపి మూత మూసి ఉంచింది. తియానా ఒక వాక్యం చదవడం, ఆ పని చేయడం, మళ్లీ కాగితం చూడడం. మంట పెట్టింది. గొట్టం చివర చుక్కలు మొదలయ్యాయి.

"గ్లాసులో పట్టి రుచి చూడండి," అని పైకి చదివి, గ్లాసు నోటి దగ్గరికి ఎత్తింది.

రాదోయ్కో ఒక్క ఊపున దాన్ని కొట్టి పడేశాడు. మొదట దిగేది విషం. మేం మోకాళ్ల నొప్పులకు రాసుకుంటాం కానీ నోట పెట్టం.

"నా కోడల్ని చంపుతావా? మొదటిది పారబోయాలని ఎందుకు రాయలేదు?"

"మీరు చెప్పలేదన్నా. మీరు చెప్పింది, చెప్పిన వరసలోనే రాశాను."

"అదీ చెప్పాలా? ఎవరికి తెలియదని?"

"తియానాకి."

"నువ్వు అడగొచ్చుగా."

"అడిగితే, అందరికీ తెలిసిందే, రాయక్కర్లేదు అనేవారు."

తియానా తడిసిన వేళ్లు వాసన చూసుకుంది. "మామయ్యా, ఇవి మంచినీళ్లు."

వుకోసవా బట్టీలో నింపింది ఒట్టి నీళ్లే. కొట్టంలో ఎప్పుడూ సారా వాసనే కాబట్టి మాకెవరికీ తేడా తెలియలేదు. రాదోయ్కో ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. నాకు ఆమె మీద ఒళ్లు మండిపోయింది.

ఆయన మాత్రం, "మంట పెట్టమనే మాటకంటే ముందు, మొదటిది పారబోయాలని రాయి," అన్నాడు. "పెద్ద అక్షరాలతో."

ఆపైన ఆగలేదు. వాళ్ల నాన్న నేర్పిన మెలకువలు కూడా ఒక్కటీ దాచకుండా పొద్దుగూకేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆమెకు కావలసిందీ అదే. నేను సుత్తి పట్టుకుని పక్కనే నిలబడి విన్నాను. వాటిలో సగం ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.