ఎడం చెయ్యి ఎత్తినవాళ్ళు

నా చిన్నప్పుడు మా బళ్ళో ఎడం చేతికి కూడా ఒక పని ఉండేది. పెద్దవాళ్ళెవరైనా బడి చూడడానికి వస్తున్నారంటే ముందురోజే మా మాష్టారు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి నేర్పేవారు. ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యి ఎత్తాలి. తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడం చెయ్యి. ఆయన కుడి చెయ్యి ఎత్తినవాళ్ళలోంచి ఒకణ్ణి లేపేవారు, వాడు గడగడా చెప్పేవాడు. వచ్చిన పెద్దమనిషి గదినిండా లేచిన చేతులు చూసి మురిసిపోయి, కొబ్బరి బొండం తాగి వెళ్ళిపోయేవాడు. నేను రెండో తరగతి నుంచీ ఎడం చెయ్యే. అందరికంటే ముందు, అందరికంటే నిటారుగా ఎత్తేదాన్ని. అదీ ఒక విద్యేనని అనుకునేదాన్ని.

మాది ఉద్దానంలో, పూండికి దగ్గర్లో ఒక పల్లె. తొంభైల చివరి మాట ఇది. మాష్టారు పలాసలో రైలెక్కి పూండిలో దిగి, అక్కణ్ణించి సైకిలు మీద వచ్చేవారు. ఆయన వచ్చేసరికి ఎండ నెత్తికెక్కేది. జీడి పిక్కల కాలం వస్తే ఇక ఆ చదువు కూడా లేదు. ఆయన రైతుల దగ్గర పిక్కలు కొని పలాసలో అమ్ముకునేవారు. అవి ఆరేది మా బడి ముంగిట్లో, ఏరేది మేము. ఏది పుచ్చో ఏది గట్టో చేత్తో పట్టుకుని చెప్పగలిగేదాన్ని గానీ, నాలుగో తరగతికొచ్చినా రెండక్షరాలు కలిపి చదవడం రాలేదు. పక్కవాళ్ళు చదువుతుంటే విని పాఠాలన్నీ కంఠతా పట్టేదాన్ని. పుస్తకం మీద వేలు జరుపుతూ ఒప్పజెబుతుంటే, అక్షరం రాని మా అమ్మ పని ఆపి మరీ వినేది.

మా పక్కింటి అక్క కూడా ఆ బళ్ళోనే చదువుకుంది. వాళ్ళమ్మ పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. ఆ పిక్కల తొక్కలోంచి కారే రసానికి ఆవిడ వేళ్ళు ఎప్పుడూ నల్లగా, తోలు లేచిపోయి ఉండేవి. అక్క ఐదో తరగతిలో ఉండగా మాష్టారు అందరి ముందూ ఆ చేతుల మాట ఎత్తి, నీకెందుకే చదువు, వెళ్ళి మీ అమ్మ పక్కన కూర్చుని పిక్కలు కొట్టుకో అన్నారట. అక్క ఆ మాట మరిచిపోలేదు. మరిచిపోకుండానే ఇంటర్ దాకా చదివింది, టీచర్ ట్రైనింగులో సీటు తెచ్చుకుంది. చివరి ఏడాదిలో పాఠాలు చెప్పి చూపించడానికి ఏదో ఒక బడికి వెళ్ళాలంటే, తోటివాళ్ళంతా టెక్కలి, పలాస బళ్ళు అడిగితే ఈమె మా బడే అడిగి వేయించుకుంది. సొంత ఊరి మీద ప్రేమ అనుకున్నాం అందరం.

రేపు చెప్పబోయే పాఠం అక్క సాయంత్రం నా మీద చెప్పి చూసుకునేది. వాళ్ళ పెరట్లో కొబ్బరి మొక్కకి చార్టు వేలాడదీసేది. బెత్తం బదులు కొబ్బరి ఈనె, బడి మొత్తానికి విద్యార్థిని నేనొక్కదాన్నే. ఒకరోజు నేను పాఠం ఒప్పజెబుతుంటే నా వేలు పట్టుకుని రెండు వరసలు కిందికి జరిపింది. నేను ఆగకుండా పై వరసే చెప్పుకుంటూ పోయాను. అప్పుడు అక్కకి తెలిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మకి చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"ఎవులికీ సెప్పనే, ఏడకు," అని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

బళ్ళో మాష్టారు అక్కకి పాఠాల కంటే పనులే ఎక్కువ చెప్పేవారు. టీ తెప్పించేవారు, పిక్కలు ఏరించేవారు. మొదటిసారి ఆమె బోర్డు దగ్గరికి వెళ్తుంటే, పిక్కలు కొట్టే ఇంటి చేతికి సుద్దముక్క ఆనుతుందా అని మా అందరికీ వినపడేలా అన్నారు. అక్క చిన్నగా నవ్వి, మీరే నేర్పాలి మాష్టారూ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట ఆయన సైకిలు రెండు చక్రాల గాలీ తీసేసింది నేనే. ఎర్రటి ఎండలో ఆయన దాన్ని పూండి దాకా నడిపించుకుంటూ పోతుంటే కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకేమీ సిగ్గు లేదు.

ఆఖరి పాఠం చూడడానికి ట్రైనింగ్ కాలేజీ నుంచి లెక్చరర్ మేడం వస్తారని, ఆవిడతో మండలం ఆఫీసరు కూడా వస్తారని కబురు వచ్చింది. మాష్టారు అక్కని పిలిచి, పిల్లలకి చేతుల సంగతి బాగా నేర్పమన్నారు. బడి పరువు పోతే నీ మార్కులు పోతాయి, అవి వేసేది నేనే అన్నారు. అక్క అలాగేనండి అంది. నిజంగానే మాష్టారి కంటే బాగా నేర్పింది. ఎడం చేతుల వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టింది.

ఆ రోజు ఊరంతా బడి కిటికీల దగ్గరే ఉంది. మా అమ్మ కూడా పని మానుకుని వచ్చి నిలబడింది. మేడం, ఆఫీసరు కుర్చీల్లో కూర్చున్నారు. మాష్టారు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. అక్క బోర్డు మీద ఒక వరస రాసి ఎవరు చదువుతారని అడిగింది. గదినిండా చేతులు లేచాయి. అక్క ముందు మాష్టారి వంక చూసింది. తర్వాత నా ఎడం చెయ్యి చూసింది. చూసి, నా పేరే పిలిచింది.

పొరపాటున పిలిచిందేమో అనుకున్నాను. లేచి, నాకొచ్చిన పాఠం మొదటి నుంచీ మొదలుపెట్టాను. అది కాదమ్మా, ఇది చదువు అని బోర్డు మీద వేలు పెట్టింది. 'ఇది మా బడి.' అంతే ఆ వరస. ఒకటో తరగతి వాళ్ళు చదివేది. నేను దాని వంక చూస్తూ నిలబడ్డాను. కిటికీలో మా అమ్మ ముఖం కనపడింది. ఇంకా నేను చదువుతాననే చూస్తోంది. అక్క నన్ను కూర్చోమనలేదు. నా పక్కదాన్ని లేపింది, దాని పక్కవాణ్ణి లేపింది. మేడంకి విషయం అర్థమైపోయి, ఎడం చెయ్యి ఎత్తినవాళ్ళంతా మళ్ళీ ఎత్తండి అన్నారు. బుద్ధిమంతుల్లా సగానికి పైగా ఎత్తాం.

ఆఫీసరు మాష్టారి వైపు తిరిగారు. ఈ అమ్మాయి నేర్పిన చదువండీ ఇది, అన్నారు మాష్టారు.

"నేనొచ్చి నెల్లాళ్ళు కాలేదండి," అంది అక్క. "ఈ పిల్ల నాలుగేళ్ళ నుంచి మాష్టారి దగ్గరే ఉంది."

మాష్టారి నవ్వు పోయింది. వేసవి సెలవుల తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. సంతబొమ్మాళి అవతల ఎక్కడికో వేసేశారన్నారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలి కలగదు. కానీ ఆ మధ్యాహ్నం బడి వెనక కుండీ దగ్గర అక్క చేతులు కడుక్కుంటూ, గోడ వైపు తిరిగి, తనలో తాను నవ్వుకోవడం నేను చూశాను. ఇన్నేళ్ళ కసి తీరిన నవ్వు అది. దాన్ని తీర్చుకోవడానికి ఆమె చేతికి దొరికిన రాయిని నేను. నా తల మీద వేసిన ఒట్టు తప్పింది కాబట్టి తల పగిలిపోతుందేమోనని నేను మాటిమాటికీ తడిమి చూసుకుంటున్నాను.

ఇంట్లో మా అమ్మ అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని నా పుస్తకం తిరగేసింది. అరిచినా బాగుండేది. బయట పిల్లలు నన్ను ఎడంచెయ్యి అని పిలవడం మొదలుపెట్టారు.

సాయంత్రం అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ముఖం తిప్పుకున్నాను.

"కోపం ఉంటే ఉంచుకో," అంది. "నాను కూడా శానా ఏళ్ళు ఉంచుకున్నాను. కానీ సదవడం, రాయడం రాపోతే నువ్వు నన్నేటి సేత్తావు? సైకిలు గాలి తీత్తావు, అంతే కదా."

సైకిలు సంగతి ఆమెకి తెలుసని అప్పటిదాకా నాకు తెలియదు.

మర్నాటి నుంచి ఆమె పెరట్లోకి వెళ్ళాను. ముఖం చూడకుండా, మాట కలపకుండా నేర్చుకున్నాను. చదువు మీద ఇష్టంతో కాదు, ఆమె మీద కక్షతో. ఒత్తులు కూడా వచ్చేశాక, వాళ్ళ వీధి గోడకి కొత్తగా సున్నం వేసిన రోజు, పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకుని మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశాను: 'ఈ ఇంటి అక్క ఒట్టేసి తప్పింది.' నా అంతట నేను రాసిన మొదటి వాక్యం అదే.

వాళ్ళమ్మ తిట్టుకుంటూ తడిగుడ్డ తెచ్చింది. అక్క బయటికొచ్చి రాసినదంతా చదివింది, మళ్ళీ చదివింది. నేను సందు చివర నిలబడి చూస్తున్నాను, పారిపోలేదు.

"ఒగ్గీమ్మా," అంది అక్క, తుడవబోతున్న చెయ్యి పట్టుకుని ఆపి. "అబద్దం రాసిందా ఏటి?"

వానలొచ్చి కడిగేదాకా ఆ రాత అలాగే ఉంది. సముద్రం వైపు పోయేవాళ్ళు ఆగి, ఏం ఒట్టమ్మా అని అడిగితే దాచకుండా ఆమే చెప్పేది. క్షమించమని మాత్రం నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనూ క్షమించలేదు.

తర్వాత నేనూ టీచర్ ట్రైనింగే చదివాను. నా పాఠం చూడడానికి పెద్దలు వచ్చే ముందురోజు, ఆ బడి మాష్టారు నన్ను పక్కకి పిలిచి చేతుల కిటుకు చెప్పబోయారు. నాకు తెలుసండి అన్నాను. మర్నాడు ఎవర్నీ చెయ్యి ఎత్తమనకుండా, పిల్లల మధ్య కింద కూర్చుని చదివించాను. క్లాసులో హుషారు లేదని మార్కులు తగ్గించారు. తగ్గనీ అనుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పే బళ్ళో వెనక గోడకి సున్నం వేయించను. రాయడం వచ్చిన ప్రతి పిల్లకీ అక్కడ రాసుకోవచ్చని చెబుతాను, నా మీదైనా సరే. మొన్న దాని మీద బొగ్గుతో వంకరగా ఒక రాత కనపడింది: 'టీచర్ నన్ను చూసి అందరి ముందు నవ్వింది.' ఎవరు రాశారో చేతిరాత చూస్తేనే తెలిసింది. నవ్విన మాటా నిజమే. ఆయా నీళ్ళ బకెట్టు పట్టుకుని తుడవడానికి వచ్చింది.

ఒగ్గీమ్మా, అబద్దం రాసిందా ఏటి, అన్నాను. ఆ మాట అక్కది. ఆమె మీద కోపం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.