హెలికాప్టర్ కింద నేను వేసిన కేక

వరదలో అన్నం పొట్లాలు వేసిన యంత్రాన్నే, రెండేళ్ళు తిరగకముందే, ఆ జనాన్ని చెదరగొట్టడానికి పంపితే, వాళ్ళు పారిపోకుండా దానికి ఎదురు పరుగెత్తినందుకు తప్పు ఎవరిదంటారు?

కళాశాల వక్తృత్వపు పోటీలో ఈ ప్రశ్న ఇస్తే, అనుకూలంగా పది నిమిషాలు, ప్రతికూలంగా పది నిమిషాలు నేను తడబడకుండా మాట్లాడగలను. కాని ఆ రోజు ఆ మడిలో నేనున్నాను.

మాది నాగావళి ఒడ్డున ఒక పల్లె. వరద వచ్చినప్పుడు మా వాళ్ళు మూడు రోజులు ఇళ్ళ కప్పుల మీద గడిపారు. నాలుగోనాడు హెలికాప్టర్ వచ్చి పులిహోర పొట్లాలు, అటుకులు జారవిడిచింది. ఆడవాళ్ళు కొంగులు పట్టారు, మగవాళ్ళు కండువాలు పరిచి పట్టారు. ఆ మోత వినబడితే ఈనాటికీ మా ఊళ్ళో చేతులు వాటంతటవే ముందుకు సాగుతాయి. నది గట్టుకు పడిన గండి మాత్రం పూడలేదు. పూడ్చమని అడగడానికి చుట్టుపక్కల రైతులు రాజాం దగ్గర, వరి కోసిన మడిలో సభ పెట్టుకున్నారు.

మాట్లాడడానికి మా ఊరివాళ్ళు నన్ను పిలుస్తారని నేను నిశ్చింతగా ఉన్నాను. విజయనగరంలో చదువుతూ మూడు వెండి కప్పులు తెచ్చినవాణ్ణి. వాళ్ళు పిలిచింది నా మిత్రుణ్ణి. అతనిది సముద్రపు ఒడ్డు, చేపలమ్మే కుటుంబం. వసతిగృహంలో నా గదిలోనే ఉంటాడు. సెలవులకు నాతో మా ఊరు వచ్చి, వారం తిరగకుండా ఇంటింటి మనిషి అయిపోయాడు. కారణమేమిటని మా మేనమామను నిలదీశాను.

“నువ్వు మాటాడితే శానా బాగుంటాదిరా. నాకేటీ బోధపడదు, అంతే,” అన్నాడు మావయ్య. ఆ వెంటనే నా మిత్రుడి వైపు తిరిగి, “ఒరే అల్లుడూ, కాసింత అంబలి తాగి ఎల్దాం, రా,” అన్నాడు.

అల్లుడూ అన్న పిలుపు నాది. పుట్టినప్పటి నుంచీ నాది. దానికోసం అతను ఒక్క పుస్తకమైనా తిరగెయ్యలేదు, ఒక్క వాదమైనా గెలవలేదు. ఆ పూట అంబలి నేను ముట్టలేదు.

సభనాడు అతను ఎడ్లబండి ఎక్కి మాట్లాడాడు. ఉపన్యాసానికి ఉండవలసిన ఎత్తుగడ లేదు, ముగింపు లేదు. “గండి పడ్డాది. మళ్ళీ వాన వస్తాది. అప్పుడు మనం ఏ కప్పెక్కాలి?” అని అడిగి ఊరుకున్నాడు. జనం కదలలేదు. పక్కనున్న ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ “ఎవరి కొడుకోగాని,” అంది. మావయ్య పక్కన నిలబడి నేను మిత్రుడి వాక్యాల్లో దోషాలు లెక్కపెడుతున్నాను. నా లెక్క సరిగానే ఉంది. అయినా అతనే గెలుస్తున్నాడు.

అప్పుడు హెలికాప్టర్ వచ్చింది. జనం చెదిరిపోవాలన్న హెచ్చరికతో పై అధికారులు పంపారని తరువాత తెలిసింది. దాని మైకులోని మాట దాని రొదలోనే కలిసిపోయింది. అది బాగా కిందికి దిగి, మడికి అవతల, గెడ్డ పైన ఆగింది. గెడ్డ అంటే నిలువెత్తు లోతున్న వాగు, వర్షాకాలంలోనే నీళ్ళుంటాయి. ఆ రోజున అంతా రాళ్ళు. గడ్డీ దుమ్మూ లేచాయి.

“కూకోండి. ఎవులూ లెగకండి. అది మనకేటీ తేలేదు,” అన్నాడు మిత్రుడు. అంత రొదలోనూ నాకు స్పష్టంగా వినిపించింది. జనం కూర్చున్నారు. వందలమంది, అతని ఒక్క మాటకు.

నేను కేక వేశాను. “పొట్లాలేస్తాది, సూడండి. గెడ్డ కాడ ఏస్తాది.”

అది నేను నమ్మలేదు. వరద లేనినాడు పొట్లాలెందుకు వస్తాయి? ఆ కూర్చున్న జనం అతనివైపు చూడడం మానాలి, అంతే నాకు కావలసింది. మూడు కప్పులు తెచ్చిన భాషను వదిలి, వాళ్ళ మాటలో నేను మాట్లాడిన మొదటి వాక్యం అది. జనం లేచారు. కొంగులూ కండువాలూ చాచుకుని హెలికాప్టర్ కిందికి పరుగెత్తారు. ఒక క్షణం నాకు కలిగినది సంతోషమని ఒప్పుకోక తప్పదు.

ముందువాళ్ళు గెడ్డ అంచున ఆగారు, వెనకవాళ్ళు ఆగలేదు. ఆ తోపుడుకు ముందువాళ్ళు రాళ్ళ మీద పడ్డారు. ఆ ముసలమ్మకు తుంటి విరిగింది. మరికొందరికి కాళ్ళూ చేతులూ విరిగాయి.

హెలికాప్టర్ మీదికి జనాన్ని ఉసిగొల్పింది బండి మీది యువకుడేనని పైవాళ్ళు రాసుకున్నారు. విచారణ ముగిసేదాకా అతను తరగతికి రాకూడదన్నారు. డిగ్రీ పరీక్షల లోపు అది ముగియకపోతే కూర్చోనివ్వరు. ఏం విన్నావని కళాశాలలో నన్ను అడిగారు. “దూరాన ఉండడం వల్ల స్పష్టంగా వినబడలేదు” అన్నాను. వ్యాకరణదోషం లేని వాక్యం.

ఆ సాయంత్రం మిత్రుడు పెట్టె సర్దుకుంటూ అడిగాడు: “బావా, నాను కూకోమన్నది నీకు ఇనబడ్డాది కదా?”

“గాలి హోరు,” అన్నాను.

“సర్లే, నీకేటి తెలుస్తాది,” అని తాడు బిగించాడు. అతనికి అనుమానమైనా రాలేదు. దానికీ అసూయపడ్డాను.

ఊరు వెళ్ళినప్పుడు మావయ్య నన్ను కళ్ళానికి తీసుకెళ్ళాడు. “ఆ కేక నీదే. నా సెవి పక్కనే ఏసినావు. సెల్లెలి కొడుకువి, నాను ఎవులికీ సెప్పను. సెప్పుకుంటే నువ్వే సెప్పుకోవాల.” ఆ తరువాత నన్ను అల్లుడూ అనలేదు.

చెప్పుకున్నాను. విచారణాధికారికి రాసి ఇచ్చాను. గదిలో కలిసి ఉండే స్నేహితుడి మాట, అదీ ఒక్కడిది, చాలదన్నారు. మొదట వినబడలేదని ఇప్పుడు వినబడిందంటే ఎలా నమ్మడమన్నారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే వాదించేవాణ్ణి.

అందువల్ల ఆనాడు ఆ మడిలో ఉన్నవారిని అడుగుతున్నాను. బండి మీది అబ్బాయి కూకోమంటే మీరు కూర్చున్నారు. వెనకనుంచి మరొక గొంతు పిలిస్తే లేచారు. పరీక్షలు ఇంకా మొదలుకాలేదు. విజయనగరం వచ్చి ఈ రెండు మాటలూ విచారణలో చెప్పండి. రాలేనివారు ఎవరిచేతనైనా రాయించి వేలిముద్ర వేసి పంపండి. ఆ రెండో గొంతును గుర్తుపట్టాలంటే నన్ను ఎదుట నిలబెట్టమని అడగండి. అదే కేక మళ్ళీ వేసి వినిపిస్తాను.